నోటీసు ఇంటికా, యజమానికా?

భవన నిర్మాణ నిబంధనలను అతిక్రమించేవారిలో రెండు రకాలు కనిపిస్తారు. మేడ మీద ఒక గది అదనంగా వేసుకుని, నోటీసు అందగానే కంగారుపడి నగరపాలక సంస్థ కార్యాలయానికి పరుగెత్తేవారు మొదటి రకం. నోటీసు వస్తుందని ముందే తెలిసి, దాని ఖర్చును సిమెంటు, ఇనుము ఖర్చుల పక్కనే రాసిపెట్టుకునేవారు రెండో రకం. మన చట్టాలలో నోటీసు, గడువు, తనిఖీ, జరిమానా అనే వరుస ఏర్పడింది మొదటి రకం మనిషిని దృష్టిలో పెట్టుకునే. రెండో రకం మనిషి చేతిలో ఆ వరుసే అతనికి రక్షణ కవచంగా మారుతుంది.

ఎలాగో చూడండి. షోకాజ్ నోటీసుకు జవాబివ్వడానికి కొన్ని రోజుల గడువు ఉంటుంది. ఆ రోజులలో మరో స్లాబు పడుతుంది. జవాబు తృప్తికరంగా లేదని తుది ఉత్తర్వు వచ్చే సరికి గోడలు లేస్తాయి. కూల్చివేత సిబ్బంది వచ్చేసరికి లోపల కిరాయిదారులు సామాను సర్దుకుని ఉంటారు, లేదా కోర్టు నుంచి స్టే వచ్చి ఉంటుంది. అన్నీ దాటుకుని సిబ్బంది పైకెక్కినా చాలాసార్లు జరిగేది ఏమిటంటే, పై అంతస్తు స్లాబుకు నాలుగైదు చోట్ల రంధ్రాలు కొట్టి, వాటి పక్కన నిలబడి ఫోటోలు తీసుకుని, చర్య తీసుకున్నట్లు ఫైలులో రాసి వెళ్లిపోతారు. ఆ రంధ్రాలలో తెగిన చువ్వలకు కొత్త చువ్వలు కట్టి, కింద చెక్క బిగించి, కాంక్రీటు నింపడానికి ఒక మేస్త్రీ, ఇద్దరు కూలీలు చాలు. పైన గచ్చు వేశాక అక్కడ రంధ్రం ఉండేదని కట్టినవాడు కూడా చూపించలేడు. ఫైలు ప్రకారం మాత్రం ఆ భవనం మీద చర్య పూర్తయింది.

ఫైలు అన్నాను గనుక అసలు విషయానికి వస్తాను. నగరపాలక సంస్థలో ఉల్లంఘన ఫైలు సాధారణంగా చిరునామా పేరిట తెరుచుకుంటుంది, మనిషి పేరిట కాదు. ఒకే వ్యక్తి ఆరు వీధులలో ఆరు భవనాలు కట్టి, ఆరింటిలోనూ సెట్‌బ్యాక్, అంటే భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం, మింగేసి, సెల్లారులో పార్కింగ్ బదులు దుకాణాలు పెట్టినా, ఆ ఆరు ఫైళ్లు ఆరు బీరువాలలో, తరచూ ఆరుగురు అధికారుల దగ్గర, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటాయి. ఏ ఫైలు తీసి చూసినా అది అతని మొదటి తప్పే. పైగా ఒక్కో భవనం ఒక్కో కంపెనీ పేరిట, లేదా భార్య, బావమరిది పేర్ల మీద ఉంటే, కలిపి చూడాలనుకున్న అధికారికి కూడా దారి దొరకదు. పదేపదే తప్పు చేసేవాడిని పట్టుకోవాలంటే నగరానికి ముందు జ్ఞాపకశక్తి ఉండాలి. బుల్డోజర్ కొనడం కంటే ఇది కష్టమైన పని, ఫోటోలలో కనిపించని పని కూడా. బహుశా అందుకే దీని మీద డబ్బు పెట్టే నగరాలు తక్కువ.

న్యూయార్క్ ఈ దిశలో కొంత దూరం నడిచింది. అక్కడ అద్దెకిచ్చే భవనాల యజమానులు ఏటా నగర గృహ శాఖలో నమోదు చేసుకోవాలి. యజమాని కంపెనీ అయినా సరే, బాధ్యుడిగా ఒక మనిషి పేరు ఇవ్వాలి. నమోదు లేని యజమాని అద్దె బకాయి కోసం గృహ న్యాయస్థానంలో కేసు వేయలేడు. ఈ ఒక్క షరతు ఎన్నో జరిమానాల కంటే పదునైనదని నా అభిప్రాయం, ఎందుకంటే నగరం యజమాని వెంట పడనక్కరలేదు, తన అవసరం కోసం యజమానే నగరం దగ్గరకు రావాలి. అదే నగరంలో 2007 నాటి చట్టం కింద, ఉల్లంఘనలు, చెల్లించని మరమ్మతు బకాయిలు ఎక్కువగా పేరుకున్న భవనాలను ఏటా ఎంపిక చేసి ప్రత్యేక నిఘాలో పెడతారు. నాలుగు నెలలలో సరిచేయకపోతే, చిల్లుకు చిల్లు పూడ్చడం కాకుండా పైకప్పు, గొట్టాలు, విద్యుత్తు వంటి మూల వ్యవస్థలనే బాగుచేయాలని ఆదేశిస్తారు. యజమాని వినకపోతే ఆ పని నగరమే చేయించి ఖర్చు అతని మీద వేయగలదు. ఇక పౌరుల ఫిర్యాదులు పట్టించుకునే ఎన్నికైన అధికారి అయిన పబ్లిక్ అడ్వొకేట్ కార్యాలయం 2010 నుంచి అధ్వాన్న యజమానుల జాబితా పేర్లతో సహా ప్రకటిస్తోంది. అందులోనూ అసలు లాభం పొందేవారికి బదులు వారి కింద పనిచేసే మేనేజర్ల పేర్లు కనిపిస్తున్నాయనే విమర్శ ఉన్నది. పేరు అడిగితే పేరు ఇస్తారు, మనిషిని ఇవ్వరు.

జరిమానా విషయానికి వస్తే, దాని పరిమాణం కంటే వసూలయ్యే పద్ధతే ముఖ్యం. రోజుకింత చొప్పున పెరిగే జరిమానా కాగితం మీద భయంకరంగా ఉంటుంది. వసూలు చేయనంతవరకు అది ఉత్త అంకె. ఆ బాకీని ఆస్తిపన్నుకు కలిపి, ఆస్తిపై భారంగా నమోదు చేసినప్పుడు పరిస్థితి మారుతుంది, ఎందుకంటే అమ్మబోయినా, తనఖా పెట్టబోయినా ఆ భారం అడ్డు వస్తుంది. అద్దె మీద చేయి వేయడం ఇంకొక మార్గం. లాస్ ఏంజెలిస్‌లో గడువులోగా మరమ్మతులు చేయని భవనంలోని కిరాయిదారులకు అద్దె తగ్గించి, ఆ తగ్గిన అద్దెను యజమానికి బదులు నగరం నిర్వహించే ఖాతాలో జమచేసే వీలు కల్పించే పథకం ఉన్నది. ఇంగ్లండు 2016 నాటి గృహ, ప్రణాళికా చట్టంతో మరింత ముందుకు వెళ్లింది: తీవ్రమైన గృహ నేరాలలో శిక్షపడిన యజమాని ఇళ్లు అద్దెకివ్వకుండా ట్రిబ్యునల్ నిషేధించవచ్చు. ఈ నిషేధం భవనానికి కాదు, మనిషికి. ఎన్ని ఇళ్లున్నా అన్నిటికీ వర్తిస్తుంది. నేను పైన చెప్పిన ఆరు బీరువాల సమస్యకు ఇంతకంటే సూటి జవాబు నాకు కనిపించలేదు.

అక్రమ కట్టడాలను రుసుము తీసుకుని సక్రమం చేసే క్రమబద్ధీకరణ పథకాలు దీనికి పూర్తిగా విరుద్ధమైన పని చేస్తాయి. ఒకసారికి మాత్రమే అంటూ వచ్చే పథకం రెండోసారి, మూడోసారి వస్తే, ప్లాను ప్రకారం కట్టుకున్నవాడు అమాయకుడిగా, ఆగి చూసినవాడు తెలివైనవాడిగా మిగులుతారు. భారత సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో ఇలాంటి పథకాలు అసాధారణ పరిస్థితులలో, నివాస గృహాలకు, సమగ్ర సర్వే తరువాత ఒక్కసారికే ఉండాలని చెప్పింది. ఆ తీర్పులో నాకు అంతకంటే విలువైనవిగా తోచినవి మామూలుగా కనిపించే ఆదేశాలు: ఆమోదం పొందిన ప్లానును నిర్మాణ స్థలంలో అందరికీ కనిపించేలా పెట్టాలి; ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం ప్లాను ప్రకారం పూర్తయింది, అందులో ఉండవచ్చు అని ఇచ్చే పత్రం) చూపితేనే కరెంటు, నీరు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలి; బ్యాంకులు అది పరిశీలించాకే ఆ భవనం మీద అప్పు ఇవ్వాలి. నీటి కుళాయి దగ్గర ఆపడం స్లాబు దగ్గర ఆపడం కంటే సులభం, చవక.

కూల్చివేత వార్తలకెక్కుతుంది గానీ, అది అక్కడిదాకా రావడమే వ్యవస్థ ఎన్నిసార్లు తప్పిందో చెబుతుంది. నోయిడాలోని సూపర్‌టెక్ జంట టవర్లను కూల్చాలని అలహాబాద్ హైకోర్టు 2014లో ఆదేశించగా, సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 31న సమర్థించింది. అవి నేలకూలింది 2022 ఆగస్టు 28న. ఖర్చు బిల్డరే భరించాలన్నది ఆదేశంలో భాగం. అయితే ఆ టవర్లు దొంగచాటుగా లేచినవి కావు, స్థానిక ప్రాధికార సంస్థ సవరించిన ప్లానులను ఆమోదించిన మీదటే లేచాయి. అధికారుల కుమ్మక్కును న్యాయస్థానం ప్రత్యేకంగా తప్పుపట్టింది. పదేపదే ఉల్లంఘించేవారి జాబితా రాయబోతే, పదేపదే సంతకం పెట్టేవారి జాబితా కూడా పక్కనే రాయవలసి వస్తుంది. దీనికి రెండో వైపూ ఉన్నది: తొందరపడి నోటీసు లేకుండా కూల్చే నగరం కోర్టులో ఓడుతుంది. 2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు తప్పనిసరి; రోడ్లు, చెరువులు, నదుల వంటి ప్రజా స్థలాల ఆక్రమణలకు, కోర్టు ఆదేశించిన కూల్చివేతలకు అది వర్తించదు.

పేర్లతో లెక్క కట్టే పద్ధతిలో ఒక ప్రమాదం ఉన్నది. ఫిర్యాదుల సంఖ్యను బట్టి మాత్రమే పాత నేరస్థులను గుర్తిస్తే, పక్కింటివారితో పడని ఒంటరి వృద్ధురాలు, ప్రహరీ గోడ బాగుచేయించుకునే స్తోమత లేని పేద యజమాని ఆ జాబితాలో ముందుంటారు. కిరాయిదారులు నోరెత్తడానికి జంకే పెద్ద భవనం యజమాని ఎక్కడా కనిపించడు. ఫిర్యాదు లేకుండానే క్రమం తప్పకుండా చేసే తనిఖీలు ఇందుకే అవసరం. టొరంటో నగరం 2017 నుంచి కనీసం మూడు అంతస్తులు, పది ఇళ్లు ఉన్న అద్దె భవనాలను నమోదు చేయించి, వాటికి తనిఖీలతో అంచనా మార్కులు వేయడం ఆ కారణంగా నాకు నచ్చుతుంది. స్తోమత ఉండీ బాగుచేయించనివాడిని, స్తోమతే లేనివాడిని వేరుచేయడానికి కూడా ఆ తనిఖీ నివేదికే ఆధారమవుతుంది: మొదటివాడికి భారం నమోదు, అద్దె నిలిపివేత; రెండోవాడికి వాయిదాలలో చెల్లించే మరమ్మతు అప్పు. ఇద్దరికీ ఒకే ఫారంలో, ఒకే గడువుతో నోటీసు పంపే కార్యాలయాలే ఇప్పటికీ ఎక్కువ.