నాన్న లాప్‌టాప్‌లో లినక్స్ వేశాను: నా అనుభవం

మా నాన్న రిటైరైన తెలుగు పండితుడు. తెనాలిలో ఇంట్లో కూర్చుని పదేళ్ళుగా తన వ్యాసాలు తనే టైపు చేసుకుంటున్నారు. భారతీయ భాషలకి ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతి, కీల వంక చూడరు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆయన లాప్‌టాప్ ఐదో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. షాపులో అడిగితే కొత్తది కొనేయమన్నారు. పనిచేస్తున్న వస్తువుని పక్కన పడేయడానికి నాన్నకి మనసొప్పలేదు, నాకూ ఒప్పలేదు.

విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. గుంటూరులో అది వాడేవాళ్ళు కొంతమంది ఆదివారాలు కలుస్తుంటారని ఆఫీసులో ఒకరు చెబితే లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ట్యూషన్ సెంటర్ మేడ మీద గది. పదిమంది దాకా ఉన్నారు: ఎంసీఏ కుర్రాళ్ళు, ఒక డీటీపీ సెంటర్ ఆయన, రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆయన్ని అందరూ సార్ అంటారు.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి. ఏది వేయాలి అని అడిగానో లేదో గదిలో వాదన మొదలైంది. ఒక కుర్రాడు డెబియన్ అన్నాడు, ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి ముట్టుకోనక్కర్లేదని. ఇంకొకతను ఉబుంటు అనగానే డీటీపీ ఆయన అడ్డం పడ్డారు. 22.04 నుంచి ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ కూడా స్నాప్ (తనకి కావలసినవన్నీ తనతోనే మోసుకొచ్చే ప్యాకేజీ) రూపంలోనే వస్తోంది, పాత మెషీన్లో మొదటిసారి తెరుచుకునేసరికి ప్రాణం పోతుందని ఆయన బాధ. సార్ అంతా విని నన్నొక్కటే అడిగారు: "నువ్వు ఊళ్ళో లేనప్పుడు ఆ మెషీన్ ఎవరు చూసుకుంటారమ్మా?" నాన్నే అన్నాను. "అయితే లినక్స్‌లో మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వెయ్యి, పాత మెషీన్లకి తేలికైన రకం. కింద ఎడమ పక్కన మెనూ ఉంటుంది, ఆయనకి కొత్తగా ఉండదు. మింట్ 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. దానికంటే ముందు ఆ హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టించు." ఆ చివరి మాట మీద మాత్రం గదిలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. నా అనుభవంలోనూ మెషీన్ వేగంలో సగానికి పైగా తేడా తెచ్చింది ఎస్‌ఎస్‌డీయే.

వారంలో ఎస్‌ఎస్‌డీ పెట్టించాను. నాన్న ఫైళ్ళన్నీ రెండు చోట్ల కాపీ చేశాను. ఐఎస్‌ఓ (మింట్ ఇన్‌స్టాల్ ఫైలు) దిగాక, అది చెడకుండా వచ్చిందో లేదో తెలిపే షా256 సంఖ్య సరిచూడమని సార్ మరీమరీ చెప్పారు కాబట్టి అదీ చేశాను. ఇన్‌స్టాల్ చేయకముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపితే స్క్రీన్, సౌండ్, టచ్‌ప్యాడ్ అన్నీ పనిచేశాయి. వైఫై ఒక్కటే లేదు. దీనికి ఉపాయం ముందే చెప్పి ఉంచారు: ఇన్‌స్టాల్ అయ్యాక ఫోన్ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేస్తుంది, అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరిచి వైఫై డ్రైవర్ దించుకోవచ్చు. అలాగే చేశాను. మధ్యలో ఏదో పాస్‌వర్డ్ పెట్టుకోమంది, పెట్టాను. రీస్టార్ట్ కొట్టి, గుమ్మంలో పాలవాడు పిలిస్తే లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మామూలుగా తెరుచుకుని ఉంది. వైఫై మాత్రం రాలేదు.

డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను. రాలేదు. రాత్రి పదకొండు దాకా కుస్తీ పట్టాను. పక్క గదిలో నాన్న నిద్రపోకుండా దగ్గుతూ తిరుగుతుంటే నాకు టెన్షన్ ఇంకా పెరిగింది. ఆయన పదేళ్ళ అలవాటుని పాడుచేశానేమో అనిపించింది.

పొద్దున్నే సార్‌కి ఫోన్ చేశాను. "వైఫై రావట్లేదు సార్, ఏదో ఎర్రర్ అంటోంది."

"ఏదో కాదమ్మా. ఏమందో అక్షరం పొల్లుపోకుండా చదువు."

టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిపించి, డ్రైవర్‌ని ఎక్కించే కమాండ్ చెప్పారు: సుడో మోడ్‌ప్రోబ్, దాని పక్కన డ్రైవర్ పేరు. కొట్టాను. వచ్చిన లైను మొత్తం చదివాను. చివరి మాటలు "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్."

"నీలం స్క్రీన్ దాటేశావు కదూ?" అన్నారు వెంటనే. నేను ఆ స్క్రీనే చూడలేదు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే, బయటి నుంచి వచ్చిన డ్రైవర్ సంతకాన్ని ఒప్పుకుంటున్నానని మనం మెషీన్‌కి ఒకసారి చెప్పాలట. రీస్టార్ట్ అవగానే నీలం స్క్రీన్ వచ్చి, ఏదో ఒక కీ నొక్కమని పది సెకన్లు ఎదురు చూస్తుంది. నొక్కకపోతే దాని దారిన అది వెళ్ళిపోతుంది. నేను పాల గిన్నె పట్టుకున్నది ఆ పది సెకన్లలోనే. ఎంఓకే యుటిల్ కమాండ్‌తో ఆ సంతకానికి సంబంధించిన కీని (దాన్నే ఎంఓకే అంటారు) మళ్ళీ ఎక్కించి, పాస్‌వర్డ్ ఇచ్చి, రీస్టార్ట్ చేసి, ఈసారి రెప్ప వేయకుండా కూర్చున్నాను. ఎన్‌రోల్ ఎంఓకే, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్. వైఫై గుర్తు వచ్చింది.

సెక్యూర్ బూట్ ఆపేసినా సరిపోయేదని తర్వాత గ్రూపులో ఇద్దరు అన్నారు. నిజమే, కానీ రెండు నిమిషాల పనికి ఒక రక్షణని శాశ్వతంగా తీసేయడం నాకూ నచ్చలేదు.

ఆ సాయంత్రం నాన్న కూర్చున్నారు. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు కలిపి ఉంచాను, వేళ్ళు వాటంతటవే నడిచాయి. ర దగ్గర షిఫ్ట్ నొక్కితే ఱ కూడా వచ్చింది. నాలుగు లైన్లు కొట్టి ఆగిపోయారు. "ఇదేమిటమ్మా?" సి.పి. బ్రౌన్ మీద వ్యాసం అది. ఆయన కొట్టింది "బ్రౌన్‌గారు". తెర మీద పడింది "బ్రౌన్గారు". న కింద గ ఒత్తు. పొల్లు అక్షరాన్ని పక్క అక్షరంతో కలవకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు ఒకటి మధ్యలో పడాలి. విండోస్‌లో ఆయన అలవాటుగా నొక్కే కీలు ఇక్కడ దాన్ని ఇవ్వలేదు. నాన్న ఆ ఒత్తు వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. క్లాసులో తప్పు రాసిన పిల్లల పలక వంక అలాగే చూసేవారు.

దీనికి జవాబు ఎంసీఏ కుర్రాడి దగ్గర దొరికింది. ఈటీసీ ఫోల్డర్లో, డిఫాల్ట్ లోపల, కీబోర్డ్ అనే ఫైలు ఉంటుంది. అందులో ఎక్స్‌కేబీ ఆప్షన్స్ లైన్లో ఎన్‌బీఎస్‌పీ, కోలన్, జెడ్‌డబ్ల్యుఎన్‌జే2 అని చేర్చి రీస్టార్ట్ చేస్తే షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కినప్పుడల్లా ఆ గుర్తు పడుతుంది. పాత కీల కలయిక కంటే ఇదే సుఖంగా ఉందని నాన్న అన్నారు. లిబ్రేఆఫీస్‌లో మన భాషలకు ఫాంటు వేరే చోట మార్చాలన్న సంగతీ అతనే చెప్పాడు. అది తెలియక నేను ఇంగ్లిష్ ఫాంటునే అరగంట మారుస్తూ కూర్చున్నాను.

మిగిలిన పని ఒకటుంది. నాన్న పాత వ్యాసాలు కొన్ని యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనపడే పద్ధతి) కంటే ముందు కాలం డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేకపోతే తెర మీద అన్నీ పిచ్చి గుర్తులే. మార్చే పద్ధతి డీటీపీ సెంటర్ ఆయనకి తెలుసు, కానీ ఒత్తులు తారుమారవుతాయి, ఒక్కో పేజీ మూలంతో పోల్చి చూడాలన్నారు. మొన్న ఆదివారం నాన్న కూడా నాతో గుంటూరు వచ్చారు, ప్రింటు కాపీలన్నీ సంచిలో వేసుకుని. డీటీపీ ఆయనా, నాన్నా ఇద్దరూ కిటికీ పక్కన కూర్చుని మొదటి వ్యాసంలో రెండు పేజీలు పూర్తి చేశారు.