ప్రత్యర్థి గడ్డ మీద

2022 ఫిబ్రవరి 1, మంగళవారం

తెల్లవారుజామున నాలుగున్నరకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ల బదిలీల గడువు ముగిసింది. దీపం వేస్తే అమ్మ లేస్తుందని చీకట్లోనే ఫోను చూశాను. డాన్ బర్న్ మన న్యూకాజిల్ జట్టుకు వచ్చేశాడు! న్యూకాజిల్ పక్కనే ఉన్న బ్లైత్‌లో పుట్టినవాడు. పదకొండేళ్ల వయసులో ఇదే క్లబ్బు అకాడమీ అతన్ని వద్దని పంపేసింది. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్లకు, ఆరడుగుల ఏడంగుళాల డిఫెండర్‌గా, బ్రైటన్ నుంచి సొంతూరి జట్టుకు చేరాడు. కళ్లు చెమర్చాయి.

టైన్ నది ఒడ్డున న్యూకాజిల్ అని ఓడలు కట్టే ఊరొకటి ఉందని, విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన రోజుల్లో నాన్న చెప్పేవారు. ఆ ఊరి జట్టు అప్పుడే నాదైపోయింది.

ఆఫీసులో అందరూ బడ్జెట్ ప్రసంగం వింటున్నారు. నా మనసు మాత్రం పాయింట్ల పట్టిక దగ్గరే ఉంది. 21 మ్యాచ్‌లు, 15 పాయింట్లు, ఇరవై జట్లలో 18వ స్థానం. కింది మూడు జట్లూ లీగ్ నుంచి దిగిపోవాల్సిందే. బయటి మైదానాల్లో తొమ్మిది మ్యాచ్‌లు ఆడి ఆరు ఓడారు, మూడు డ్రా చేసుకున్నారు. డిసెంబరులో ఐదు రోజుల్లోనే లెస్టర్‌లో నాలుగు గోల్స్, లివర్‌పూల్‌లో మూడు సమర్పించుకున్నారు. చివరికి పదో ప్రయత్నంలో, జనవరి 22న, లీడ్స్‌లో 75వ నిమిషాన మన షెల్వీ ఫ్రీకిక్ గోలైంది, గెలిచారు. ఆ రాత్రి ఎంతసేపటికీ నిద్ర పట్టలేదు.

పరాయి మైదానం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాలేజీ జట్టుతో రాజమండ్రి వెళ్లినప్పుడు రాత్రి రైల్లో కూర్చునే ప్రయాణం చేశాం. బీచ్ ఇసుకలో సాధన చేసిన కాళ్లకు అక్కడి గట్టి నేల మీద బంతి వేగం అందలేదు. మొదటి గోలు పడగానే మాలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. ‘ఇంకా టైముంది, నిలబడండి’ అని అరిచేవాడు ఒక్కడుంటే బాగుండేది. మన జట్టుకు కొత్తగా వచ్చిన ట్రిప్పియర్‌లో నాకు కనిపించేది ఆ ఒక్కడే. అట్లెటికోతో స్పెయిన్ లీగ్ గెలిచి కూడా, దిగజారుతున్న జట్టులోకి వచ్చాడు. జనవరిలో వచ్చిన ఐదుగురిలో అతనూ, బర్న్, టార్గెట్ డిఫెండర్లే. మిడ్‌ఫీల్డర్ బ్రూనో గొప్ప ఆటగాడే కానీ, ముందు గోడ కట్టాలన్న కోచ్ ఎడ్డీ హౌ ఆలోచనే నాకు ఎక్కువ నచ్చింది.

సాయంత్రం పూర్ణా మార్కెట్‌కు వెళ్లాను. చీకటి పడేసరికి తోటకూర కట్టల ధర సగానికి దిగింది. మిగిలితే వాడిపోతాయని అమ్మేవాళ్ల తొందర. జనవరి బదిలీల్లో తొందరంతా కొనేవాడిది, అందుకే గడువు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. మన స్ట్రైకర్ విల్సన్ పిక్క గాయంతో ఆటకు దూరమయ్యాడని అందరికీ తెలుసు. అందుకే బర్న్‌లీ స్ట్రైకర్, ముప్పయ్యేళ్ల క్రిస్ వుడ్‌కు రెండున్నర కోట్ల పౌండ్లు పెట్టాల్సి వచ్చింది. అయినా అది సరైన పనే అంటాను. మనతో పాటు అడుగున కొట్టుకుంటున్న బర్న్‌లీ తన స్ట్రైకర్‌ను పోగొట్టుకుంది. ఇంత ఖర్చు చేయగలగడం సౌదీ ప్రభుత్వ నిధి క్లబ్బును కొన్నందువల్లనే. ఆ డబ్బు గురించిన ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు.

8న ఎవర్టన్ మన దగ్గరికే వస్తోంది. 19న లండన్‌లో వెస్ట్‌హామ్‌తో ఆడాలి. క్యాలెండర్‌లో 19 చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశాను.