పైకెక్కని సున్నా

“సార్, ఒకటి పైన ఉంది, సున్నా కింద ఉంది. సున్నాతో గుణించాలా?”

రెండో బెంచీ అమ్మాయి అడిగేసరికి ప్రశ్నపత్రం కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాను. ఒకటి ప్లస్ ఎక్స్, మొత్తానికి ఘాతం పది. విస్తరణలో ఎక్స్ పవర్ ఐదు గుణకం కనుక్కోవాలి. జవాబు 252. అచ్చులో మాత్రం పదిలోని ఒకటి పైకెక్కి కూర్చుంది, సున్నా కిందే నిలబడిపోయింది.

లెక్కల పేపర్లు అచ్చుకు సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్ లేటెక్. దాని తప్పేమీ లేదు. టోపీ గుర్తు (^) పెడితే దాని వెనకున్న ఒక్క అంకెనే పైకి ఎత్తుతుంది. రెండూ ఎక్కాలంటే ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టి ఇవ్వాలి. రాత్రి పన్నెండింటికి నిద్రమత్తులో అవి మరిచిపోయాను. ఎర్రర్ కూడా చూపలేదు. చూపి ఉంటే బతికిపోయేవాణ్ణి! పొద్దున్నే టవర్ క్లాక్ దగ్గర 60 కాపీలు తీయించేశాను.

1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ తన పుస్తకం ప్రూఫుల్లో లెక్కల అచ్చు చూసి, నచ్చక, లేటెక్‌కి పునాది అయిన టెక్ (TeX) తయారీకి పూనుకున్నాడు. ఆయన పుణ్యమా అని అనంతపురంలో నా తప్పు కూడా ముత్యాల్లాంటి అక్షరాల్లో అచ్చయింది.

అందరిచేతా పెన్నుతో దిద్దించాను. ఆలోపే వెనక బెంచీ కుర్రాడు జవాబు రాసేశాడు: సున్నా.

మార్కులు వేయక తప్పలేదు.