సైనైడ్ దిబ్బల కింద రెండు రోజులు

కుప్పంలో రైలెక్కితే బంగారుపేట ఎంతో దూరం కాదు. మధ్యలో బిసానత్తం వస్తుంది. ఆ పక్కనా, చిగురుగుంటలోనూ ఒకప్పుడు బంగారు గనులుండేవి. 2001లో కోలారు గనులతోపాటే అవీ మూతపడ్డాయి. మళ్ళీ తెరుస్తారన్న మాట పుట్టినప్పటినుంచి మా పల్లెల్లో టీకొట్టు దగ్గర అదే కబురు. పిల్లోళ్ళకు ఉద్యోగాలొస్తాయని, ఎకరాకు రేటొస్తుందని. నాకూ ఆశ లేకపోలేదు, ఆ వైపు మాకు రెండెకరాల చేనుంది. కానీ గని వచ్చి, తవ్వుకుని, వెళ్ళిపోయిన ఊరు ఇంత దగ్గరలో ఉండగా దాన్ని చూడకుండా ఏదో ఒకటి అనేసుకోవడం సరి కాదనిపించింది. అమ్మకు వరసకు అన్నయ్య అయ్యే మామ కోలారు గనుల ఊరైన కేజీఎఫ్‌లోనే ఉంటాడు, గనిలో 32 ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆషాఢంలో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాను.

బంగారుపేటలో దిగి మారికుప్పం బండి ఎక్కాలి. గనుల కోసమే 1894లో వేసిన చిన్న లైను. కాసేపటికి కిటికీలోంచి కొండ లాంటిదొకటి కనబడింది. తల చదునుగా ఉంది, ఒంటి నిండా వాననీళ్ళు కోసిన గాట్లు. బూడిద రంగు, అక్కడక్కడా తుప్పు పసుపు. మొక్కంటూ దాదాపు లేదు. ఎదురు సీట్లో ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ దించేసింది. "గాలి లేచింది నాయనా, నువ్వూ దించు" అంది తెలుగులోనే. అప్పుడు అర్థమైంది, అది కొండ కాదని.

మామ ఇల్లు చాంపియన్ రీఫ్స్ వైపు లైన్లలో. లైన్లంటే గని కూలీల కోసం కట్టిన వరస ఇళ్ళు. రెండిళ్ళకు మధ్య ఒకటే గోడ, పదడుగుల గది, దాని వెనకే వంటకు కాస్త చోటు. మామ వాళ్ళ తాత చిత్తూరు వైపు నుంచి పనికొచ్చినప్పుడు ఈ మాత్రం కూడా లేదట, వెదురు తడికల గుడిసెలే. లైన్లలో ఎక్కువమంది మాట్లాడేది తమిళం, బోర్డుల మీద కన్నడం, చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు. అత్తకు మూడూ వచ్చు. నేను చెప్పులు విప్పేలోపే తలుపేసి కింద సందులో పాత లుంగీ కుక్కింది. నీళ్ళ బిందె మీద మూత, మూత మీద తడిగుడ్డ. నేను నీళ్ళడిగితే గ్లాసు మళ్ళీ కడిగి ఇచ్చింది. అరగంట కింద కడిగిన గ్లాసే అది.

గాలి తగ్గాక వాకిలి ఊడ్చింది. చేటలోకి ఎత్తినదాన్ని నేను కొంచెం వేళ్ళ మధ్య తీసుకుని నలిపి చూశాను. ఇసుకలా గరగర ఉంటుందనుకున్నాను. అలా లేదు. ముగ్గుపిండి కంటే సన్నం. జారిపోయింది, కానీ వేళ్ళ గీతల్లో నిలిచిపోయింది. సబ్బుతో కడిగితే గానీ పోలేదు. "రోజుకు రెండు చేటలు. ఈ నెలంతా ఇంతే" అంది అత్త.

అది ఎలా పిండి అయిందో మామ చెప్పాడు. బంగారం ఇక్కడ రాయిలో కంటికి కనబడనంత సన్నగా కలిసి ఉంటుంది. రాయిని పైకి తెచ్చి మిల్లుల్లో దంచి పిండి చేసి, సైనైడ్ నీళ్ళలో నానబెడితే బంగారం ఆ నీళ్ళలోకి కరుగుతుంది. దాన్ని జింకుతో విడదీస్తారు. మిగిలిన పిండిని తెచ్చి దిబ్బ పోస్తారు. చివరి సంవత్సరాల్లో టన్ను రాయికి వచ్చింది మూడు నాలుగు గ్రాములే. నేను మనసులో లెక్క వేసుకున్నాను. కాసు అంటే ఎనిమిది గ్రాములు, రెండు టన్నుల రాయి. అమ్మ మెడలో గొలుసు నాలుగు కాసులు. ఎనిమిది టన్నులు, ఒక లారీ లోడు పిండి. అది ఎక్కడో ఎవరి వాకిట్లోనో పోసి ఉండాలి కదా అని ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

1880లో ఇంగ్లాండు కంపెనీ మొదలుపెట్టిన తవ్వకం 2001 ఫిబ్రవరి 28న ఆగింది. 121 ఏళ్ళలో దాదాపు 800 టన్నుల బంగారం బయటికి పోయింది. ఇక్కడ మిగిలినవి పదమూడు దిబ్బలు, వెయ్యెకరాలు, మూడు కోట్ల టన్నులకు పైగా పిండి. సైనైడ్ ఎండకూ గాలికీ చాలామటుకు విరిగిపోతుంది. జనం దాని పేరు చెప్పుకునే భయపడతారు గానీ, విరగనిది సిలికా, అంటే ఆ రాతిపిండిలోని సన్నటి దుమ్ము. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రాదు.

సాయంత్రం మామతో దిబ్బ దాకా నడిచాను. పావు గంట దారికి నాలుగుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా ఏదో చూపించడానికి ఆగినట్టు చెయ్యెత్తి చూపించేవాడు. గనిలోకి దించే నిలువు బావిని షాఫ్టు అంటారు; తుప్పు పట్టి నిలబడ్డ షాఫ్టు చక్రాన్ని చూపించి, "మూడు కిలోమీటర్ల కిందికి దిగేవాళ్ళం అల్లుడూ" అన్నాడు. చాంపియన్ రీఫ్ గని లోతు 3.2 కిలోమీటర్లు, ప్రపంచంలోనే బాగా లోతైన గనుల్లో ఒకటి. అంత అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలేది. దాన్ని వీళ్ళు ఎయిర్ బ్లాస్ట్ అంటారు. పైన లైన్లలో గిన్నెలు కదిలేవి, గోడలు పగిలేవి. ఆ అదురు వినగానే ఆడవాళ్ళంతా షాఫ్టు దగ్గరికి పరిగెత్తేవాళ్ళట. "మీ అత్త ఎన్నిసార్లు పొయ్యి మీద అన్నం వదిలేసి వచ్చిందో" అన్నాడు. కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి 1902లోనే ఇక్కడికి కరెంటు వచ్చింది, బెంగళూరు వీధి దీపాల కంటే ముందు. మామ చిన్నప్పుడు వాళ్ళింట్లో లాంతరే.

దిబ్బ కింద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి పడ్డచోటల్లా చిన్న పొగ లేస్తోంది. సినిమా షూటింగులు కూడా ఇక్కడ జరుగుతుంటాయి, ఎడారిలా బాగా పడుతుందని. నాకు మాత్రం ఆ పిల్లల దగ్గరికి వెళ్ళి ఇంటికి పొమ్మని చెప్పాలనిపించింది. ఎక్కడికి పొమ్మంటాం, ఇళ్ళు అక్కడే ఉన్నాయి.

మర్నాడు దిబ్బకు దిగువనున్న ఒక పల్లెకు వెళ్ళాను. ఒక రైతు మడి చూపించాడు. గట్టి వాన పడితే దిబ్బ కరిగి వంకలో పడి చేలోకి వస్తుందట. నీళ్ళు ఇంకాక పైన తెల్లటి పొర. కాలి బొటనవేలితో గీకితే పెంకులా లేచింది, కింద మన్ను తడిగా, నల్లగా బాగానే ఉంది. "మన్ను మంచిదే. మొలక ఈ పెంకు దాటి రాలేకపోతా ఉండాది" అన్నాడు. ఆయన వాళ్ళెవరూ గనిలో పనిచెయ్యలేదు. బంగారం వల్ల ఒక్క రూపాయి ఆ ఇంటికి రాలేదు, దిబ్బ మాత్రం వచ్చింది.

గని మూసినప్పుడు ఒక్కరోజులో వేల మందికి పని పోయింది. పంపులు ఆపేశారు, షాఫ్టుల్లోకి నీళ్ళు ఎక్కాయి. వాళ్ళ పిల్లలు ఇప్పుడు తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్ళి రాత్రికి తిరిగొస్తారు. మామ కొడుకూ అంతే. నేనున్న రెండు రోజుల్లో వాడితో సరిగ్గా పది మాటలు కూడా కుదరలేదు, ఆ కాస్తయినా ఆదివారం కాబట్టి కుదిరింది.

2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఈ పదమూడు దిబ్బల్నీ మళ్ళీ తవ్వి, మిగిలిన బంగారం తీయడానికి ఒప్పుకుంది. మంచిదేనని కొందరంటారు, దిబ్బలైనా పోతాయి కదా అని. నేను ఆ మాటను కొట్టిపారెయ్యలేను. కానీ ఊరికే ఉన్న దిబ్బ మీది గాలికే రోజుకు రెండు చేటలైతే, దాన్ని జేసీబీలతో కదిలించినప్పుడు ఈ లైన్లలో వాళ్ళు ఏం పీలుస్తారు? ముందు ఇళ్ళు మారుస్తారా? తీసినదాన్ని తిరిగి ఎక్కడ పోస్తారు? మా చిగురుగుంటలోనూ భూమి రేటు కంటే ముందు అడగాల్సింది ఇదే. టీకొట్టు దగ్గర ఒక్కరి నోటా నేను వినలేదు, నేనూ అనలేదు.

ఆదివారం సాయంత్రం బయల్దేరబోతుంటే మామ బీరువా పైనుంచి పెద్ద కవరు దించాడు. ఎక్స్‌రేలు. పన్నెండేళ్ళవి, వరసగా తారీఖులు వేసి ఉన్నాయి. ఒకదాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు. రెండు పక్కలా పైభాగంలో ఆవాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. డాక్టర్లు ప్రతిసారీ టీబీ అని రాశారు, మూడుసార్లు కోర్సు వాడాడు. కఫం పరీక్షలో ఒక్కసారీ ఏమీ రాలేదు. లైన్లలో ఆయన ఈడు మగవాళ్ళు చాలామంది టీబీ కాగితాలతోనే పోయారట.

"డ్రిల్లు పట్టిన వాణ్ణి. ఇది దుమ్ము జబ్బని నాకు తెలుసు. డబ్బుల కోసం కాదు అల్లుడూ. ఆ మాట ఎవురన్నా కాగితం మీద రాస్తే చాలు" అన్నాడు.

మా కుప్పంలో తెలిసిన ఊపిరితిత్తుల డాక్టరుకు చూపిస్తానని చెప్పి కవరు తీసుకున్నాను. అత్త దాన్ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి మూతి కట్టింది, దుమ్ము పోకుండా. బండిలో జనం ఎక్కువగా ఉన్నారు. ఫిల్ములు వంగకుండా కవరును ఒళ్ళో నిలబెట్టి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను, కుప్పం వచ్చేదాకా.