పామిడి దగ్గర కలిసే బస్సులు

కాలిఫోర్నియాలో రాత్రి పదకొండున్నర. అనంతపురం పక్కన మా పల్లెలో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. నాయన ఫోన్ చేసే వేళకు నేను ఓవెన్ దగ్గర ఉన్నాను. బలహీనమైన రేడియో సిగ్నల్‌ను పెద్దది చేసే వాక్యూమ్ గొట్టం, ట్రావెలింగ్ వేవ్ ట్యూబు. దాన్ని 400 డిగ్రీల పైన రోజుల తరబడి కాచి, లోహంలో ఇంకిన వాయువులను లాగేయాలి.

"వాన పడ్లేదురా అబ్బీ. శెనక్కాయ ఇత్తనం ఇంట్లోనే ఉండాది. నువ్వింకా పండుకోలేదా? ఏముంటాది ఆ ట్యూబులో?"

పన్నెండేళ్లలో మొదటిసారి అడిగాడు.

"అనంతపురంలో ముందు బయల్దేరిన గుత్తి బస్సు నిదానంగా, వెనకది బిర్నగా పోతే?"

"పామిడి కాడ రెండూ కలుస్తాయి."

ఎలక్ట్రాన్లూ అంతే. వేడెక్కిన కాథోడ్ నుంచి దూకిన వాటిలో కొన్నింటిని బలహీనమైన సిగ్నల్ తొందరపెడుతుంది, కొన్నింటిని నిదానం చేస్తుంది. దాంతో గుంపులు కడతాయి. చుట్టలు తిరిగిన తీగ ఆ సిగ్నల్ తరంగం వేగాన్ని తగ్గిస్తుంది. దానికంటే కాస్త వేగంగా సాగే గుంపులు తమ శక్తిని తరంగానికి ఇచ్చేస్తాయి. రుడాల్ఫ్ కాంఫ్నర్ 1943లో బర్మింగ్‌హామ్‌లో కనిపెట్టిన సంగతి ఇది. 1977లో వెళ్లిన వోయేజర్ అంతరిక్ష నౌకలు ఈ జాతి ట్యూబులతోనే మనకు మాట పంపుతున్నాయి. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పవర్ కావాలంటే కరెంటు ఎక్కువ తీయాలి. అయితే ఎలక్ట్రాన్లు కాథోడ్‌ను ఒక వరసలో విడవవు, ఒకే వేగంతోనూ రావు. ఆ గందరగోళమే నాయిస్. దాన్ని తగ్గించాలంటే సన్నటి ధారను మెట్లు మెట్లుగా, నెమ్మదిగా వేగం పెంచుతూ తేవాలి. ఆ ధారతో పెద్ద పవర్ రాదు. రెండూ ఒకే ట్యూబులో అడిగినప్పుడు ఎక్కడ వదులుకోవాలో తేల్చడమే డిజైన్.

పోయిన ట్యూబులో పవర్ వచ్చింది. నాయిస్ మాత్రం ఆగి ఆగి ఎగిసేది. వారాలు వెతికాం. మిగిలిపోయిన వాయువును ధార కొడితే అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు, పుట్టి లోపలే చేరుతున్నాయి, నిండాక వెళ్లిపోతున్నాయి, మళ్లీ చేరుతున్నాయి. ఓవెన్ నుంచి ముందే తీయించింది నేనే.

ఇది చెబితే నాయన కాసేపు పలకలేదు.

"మన బోరు గాలి తోల్తే నీళ్లు అట్లే కదరా, ఎగిరెగిరి పడేది."

"అట్లే నాయనా."

"మరి ఈసారి పూర్తిగా కాలనీ. నేను సేను కాడికి పోతా, మబ్బు పట్టినట్లుండాది."

వాక్యూమ్ గేజీ చూశాను. ఇంకా రెండు రోజులు పట్టేలా ఉంది.