డెంటన్ చూసొచ్చాం, డెంటన్లు తెచ్చుకున్నాం

మా హాల్లో ఉన్న స్పీకర్ల వెనక లేబుల్ మీద వార్ఫ్‌డేల్ డెంటన్ అని రాసుంటుంది. అందులో డెంటన్ అనేది ఒక ఊరి పేరని, వార్ఫ్‌డేల్ అనేది ఒక లోయ పేరని వాటిలో ఏడాది పాటు పాటలు విన్నాక గానీ నాకు తెలీలేదు. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వైపు వార్ఫ్ అనే నది ఉంది, ఆ నది లోయ వార్ఫ్‌డేల్, లోయలో ఇల్క్లీ అనే చిన్న టౌను, నదికి అవతలి గట్టు వైపు డెంటన్ అనే పల్లె. తెలిసిన రోజు నుంచీ ఒక్కసారి వెళ్ళి చూడాలని మనసులో పడిపోయింది.

ఈ జత మా పక్కింటాయన గరాజ్ ఖాళీ చేస్తూ "పారేయబోతున్నా, కావాలా" అంటే తెచ్చుకున్నవి. 1970ల నాటి సరుకు, టేకు వెనీర్ వేసిన పెట్టెలు, మీద పూలకుండీ పెట్టిన గుండ్రటి మరక కూడా ఉంది. అప్పట్లో కూడా ఇవి గొప్పోళ్ళ స్పీకర్లేం కాదు, నెలజీతంలో కొంత కొంత వెనకేసుకుని మొదటి స్టీరియో కొనుక్కునే వాళ్ళ కోసం చేసినవి. నేనేమో అప్పటిదాకా ఫోన్‌లోనూ అరచేతిలో పట్టే బ్లూటూత్ డబ్బాలోనూ వినేవాణ్ణి. పాత ఆంప్ (స్పీకర్లని మోగించే ఆంప్లిఫయర్) ఒకటి సంపాదించి తగిలించి, చిన్నప్పటి నుంచి వెయ్యిసార్లు విన్న ఒక తెలుగు పాట పెట్టాను. చరణం మొదలయ్యే ముందు గాయని ఊపిరి తీసుకుంది. అంతే, అలా కూర్చుండిపోయాను. ఆ ఊపిరి ఎప్పుడూ అక్కడే ఉంది, నాకే వినపడలేదు ఇన్నాళ్ళూ.

అయితే ఈ మధ్య ఎడమ పక్క దాంట్లో ట్వీటర్, అంటే సన్నటి ధ్వనులు పలికించే చిన్న స్పీకర్, మెల్లగా మూగబోయింది. విడిభాగాల కోసం వెతుకుతుంటే ఒక పెద్దాయన అదే మోడల్ జత, ఒక పెట్టె మూల చితికింది, 40 పౌండ్లు అని అమ్మకానికి పెట్టారు, ఎక్కడా అని చూస్తే ఇల్క్లీ! ఇంక ఆగుతానా, లీడ్స్‌లో ఉండే మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. "ట్వీటర్ కోసం అంత దూరం వస్తావా అన్నా" అన్నాడు. "ఊరు కూడా చూద్దాం రా, బరువు మోయడానికి నువ్వు కావాలి" అన్నాను.

లీడ్స్ నుంచి ఇల్క్లీకి రైల్లో అరగంట. ఆ రైలు మార్గం పేరే వార్ఫ్‌డేల్ లైన్, స్టేషన్లో ఆ పేరు చదివినప్పుడు మా హాల్లో స్పీకర్ మీద బ్యాడ్జి చూసినట్టే అనిపించి ఫోటో తీసుకున్నాను. గైజ్లీ, మెన్‌స్టన్, బర్లీ ఇన్ వార్ఫ్‌డేల్, బెన్ రిడింగ్, తర్వాత ఇల్క్లీ, అక్కడితో పట్టాలు అయిపోతాయి. దిగి తలెత్తితే టౌను నెత్తిన గోధుమరంగు మూర్ (చెట్లు లేని బీడు నేల) కొండ, ఆవూ దూడా అని పిలిచే రెండు పెద్ద రాళ్ళు అటు వైపే ఉంటాయి. కొండెక్కుదామని తమ్ముడు అన్నాడు గానీ నా ధ్యాసంతా నది వైపే.

వార్ఫ్‌డేల్ స్పీకర్ల కంపెనీ మొదలైంది ఈ టౌన్లోనే. గిల్బర్ట్ బ్రిగ్స్ అనే ఆయన 1932లో ఇల్క్లీలో తన ఇంటి కింద సెల్లార్‌లో మొదటి స్పీకర్ చేశాడు. ఆయన ఇంజనీరు కాదు, బట్టల వ్యాపారంలో ఉన్న మనిషి, పియానో అంటే ప్రాణం. పియానో పియానోలా వినపడాలి అన్న పట్టుదల తప్ప చేతిలో ఇంకేం లేదు. మరుసటి ఏడాది బ్రాడ్‌ఫర్డ్ రేడియో సొసైటీ పోటీకి పంపిస్తే మొదటి బహుమతీ రెండో బహుమతీ రెండూ ఆయన స్పీకర్లకే వచ్చాయి. 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో స్టేజీ మీద కళాకారులు వాయించడం, వెంటనే అదే సంగీతం రికార్డు తన స్పీకర్లలో వినిపించడం, తేడా మీరే చెప్పండి అని జనాన్నే అడగడం, ఇంత ధైర్యం చేసిన మనిషి. మా డెంటన్లు వచ్చేసరికి కంపెనీ ఆయన చేతిలో లేదు, 1958లోనే ర్యాంక్ సంస్థకి అమ్మేశాడు, డెంటన్, లింటన్ అనే మోడళ్ళన్నీ 1960లలో మొదలైనవి. అయినా ఈ లోయలో ఊళ్ళ పేర్లే పెట్టారు చూడండి, అది నాకు భలే నచ్చుతుంది. నంబర్లు పెట్టుంటే నేనీ రైలు ఎక్కేవాణ్ణే కాదు.

నది దాటి డెంటన్ రోడ్డు పట్టుకుని నడిచాం. నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి, మూర్ మీద పీట్ నేల (కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన నల్లమట్టి) లోంచి దిగొచ్చే నీళ్ళకి ఆ రంగు వస్తుందట. రోడ్డు పక్కన సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడలు, గోడల వెనక గొర్రెలు, కారు ఏదైనా వస్తే గోడకి అతుక్కుని నిలబడాలి. ఊరంటే ఎంతో లేదు, కొన్ని రాతి ఇళ్ళు, ఒక చర్చి, చెట్లు. ఊరు పేరు రాసిన బోర్డు దగ్గర నన్ను నిలబెట్టి తమ్ముడు ఫోటో తీశాడు. నాకైతే అక్కడి నిశ్శబ్దం గుర్తుండిపోయింది. గొర్రె అరిస్తే ఆ అరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎంత దూరమో చెవికి ఠక్కున తెలిసిపోతోంది. మంచి స్పీకర్ జత ముందు కూర్చున్నప్పుడు కూడా అంతే కదా, గొంతు ఇక్కడ, వీణ అక్కడ అని వేలు పెట్టి చూపించగలగాలి.

పెద్దాయన ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం అయింది. డెబ్భై దాటిన మనిషి, స్పీకర్లు తుడిచి ఆంప్‌కి తగిలించి మరీ ఉంచారు. పెళ్ళయిన కొత్తలో వాయిదాల మీద కొన్నారట, ఇప్పుడు చిన్న ఫ్లాట్‌కి మారుతున్నారు, పెట్టుకోవడానికి చోటు లేదు. నేను నేర్చుకున్న పరీక్షలన్నీ చేశాను. వూఫర్ (లోతైన ధ్వనులు పలికించే పెద్ద స్పీకర్) కోన్‌ని రెండు చేతుల వేళ్ళతో సమంగా మెల్లగా లోపలికి నొక్కి వదిలితే గరగర రాకూడదు, ఇలాంటి గాలి చొరబడని పెట్టెల్లో అయితే అది కాస్త నిదానంగా వెనక్కి రావాలి, అంటే సీలు ఇంకా బాగుందన్నమాట. కోన్ అంచున ఫోమ్ ఉన్న పాత స్పీకర్లయితే ఆ ఫోమ్ పదిహేను ఇరవై ఏళ్ళకే పొడిపొడిగా రాలిపోతుంది, వీటికి రబ్బరు లాంటి అంచు కాబట్టి యాభై ఏళ్ళయినా మెత్తగానే ఉంది. వెనకాల ఇప్పటి స్క్రూ టెర్మినల్స్ ఉండవు, డిన్ అనే పాత రకం రెండు పిన్నుల సాకెట్, అందులో గుండ్రటి పిన్ను ప్లస్, చదును పిన్ను మైనస్. నమ్మకం కోసం 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం ఆనించి చూశాను, రెండు కోన్లూ బయటికే జరిగాయి. ఒకటి బయటికీ ఒకటి లోపలికీ జరిగితే బాస్, అంటే లోతైన ధ్వని, మాయమైపోతుంది, అలా తప్పుగా తగిలించుకుని పాత స్పీకర్లు బాలేవు అనుకునే వాళ్ళు బోలెడుమంది.

తర్వాత ఆయన ఒక పియానో ఎల్పీ పెట్టారు. మూల చితికిన పెట్టె, బట్ట మాసిపోయిన గ్రిల్లు, నేనేమో వాటిని విప్పి ట్వీటర్ పీక్కుందామని వచ్చినవాణ్ణి. పియానో ఎడమ చేతి వైపు మంద్ర స్వరాలు ఎంత నిండుగా ఉన్నాయంటే తమ్ముడు లేచి వెళ్ళి ఇంకేమైనా స్పీకర్ ఉందేమో అని కర్టెన్ వెనక చూశాడు. మరీ లోతైన బాస్ వీటిలో ఉండదు, పైన తాళాల మెరుపు కూడా ఇప్పటి ట్వీటర్లంత రాదు, అది ఉన్నమాటే చెప్పాలి. కానీ సీల్డ్ పెట్టెలో బాస్ ఒక్కసారిగా తెగిపోకుండా నిదానంగా తగ్గుతూ వస్తుంది, చిన్న గదిలో గోడ దగ్గర పెడితే ఆ గోడ కొంత సాయం పడుతుంది, లెక్క సరిపోతుంది. ఇక మనిషి గొంతు ఉండే మధ్య భాగం అయితే, నా చెవికి, ఇవాళ్టి చిన్న స్పీకర్లు చాలా వాటికన్నా ఇవే నిజంగా ఉంటాయి. ఆయనేమో కళ్ళు మూసుకుని వింటున్నారు. రికార్డు ఒక వైపు అయిపోయాక నేను "వీటిని విప్పను సార్, మాటిస్తున్నా" అనేశాను, ఆయన అడగలేదు కూడా.

తిరుగు రైల్లో చెరొకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. మరి ట్వీటర్ సంగతేంటి అన్నా అని తమ్ముడు అడిగితే అప్పుడు ఆలోచించాను, అసలు ట్వీటర్ పోయిందని ఎవరు చెప్పారు? ఇంటికొచ్చి మూగబోయినదాన్ని విప్పి, లోపలి దూది లాంటి వాడింగ్ పక్కకి తీసి, మీటర్ పెట్టి చూస్తే ట్వీటర్ చుట్ట బాగానే ఉంది. దాని దారిలో ఉన్న పాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ అనే చిన్న విడిభాగం ఎండిపోయింది. ఇది చాలా మామూలు జబ్బు, ఆ రకం కెపాసిటర్లు దశాబ్దాలు గడిస్తే లోపల ఎండిపోయి విలువ మారిపోతాయి, ట్వీటర్‌కి చేరాల్సిన సిగ్నల్ సగంలోనే ఆగిపోతుంది, మనమేమో ట్వీటర్ని తిట్టుకుంటాం. అదే విలువ ఉన్న కొత్త ఫిల్మ్ కెపాసిటర్లు రెండు పెట్టెల్లోనూ వేశాను, ఒక్కదానికే వేస్తే రెండు పక్కలా స్వరం ఒకలా ఉండదు. సోల్డరింగ్ పని గంట, అంతే.

ఇల్క్లీ జత ఇప్పుడు తమ్ముడి గదిలో ఉంది. చితికిన మూలకి జిగురు పెట్టి బిగించాడు, మాసిన గ్రిల్లు బట్ట మాత్రం అలాగే ఉంచాడట. నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, ఆ పాటలో రెండో చరణం ముందు ఆవిడ ఊపిరి తీసుకుంటుంది విన్నావా" అన్నాడు.