పైకెళ్లి వెతుక్కోండి అనే ముందు

పొద్దున ఆఫీసుకు బయలుదేరే హడావుడిలో ఉండగా చూపు లేనివాళ్లకు తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ల గురించిన మా గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పుత్తూరు వైపు నుంచి ఒక పెద్దాయన. రిటైరైన టీచరు, గ్లకోమాతో ఈమధ్యే చూపు పూర్తిగా పోయిందట. "నాయనా, మా మనవడు ఫోన్లో ఏందో మాట్లాడేది పెట్టినాడు. ఏది తాకినా మాట్లాడతానే ఉంది గానీ పని జరగడం లేదు. ఫోనొస్తే ఎత్తేదానికి కూడా కాలేదు. ఎట్ల చేసేది?" అన్నారు. జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతు, అడగడానికి బెదురుతోంది.

కాసేపటికే ఎవరో జవాబు పెట్టారు: "ఇది ఎన్నోసార్లు చెప్పాం. పైకెళ్లి వెతుక్కోండి."

నాకు మనసు చివుక్కుమంది. గ్రూపులో పాత మెసేజ్‌ల దాకా జరుపుకుంటూ పైకెళ్లాలి, ఆయనకు రానిదే ఆ పైకెళ్లడం! ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉన్నప్పుడు ఒక వేలితో జరిపితే లిస్టు కదలదు, రెండు వేళ్లతో జరపాలి. ఒకసారి తాకితే అదేమిటో చెబుతుందంతే, పని జరగాలంటే వెంటవెంటనే రెండుసార్లు తట్టాలి. చూపున్నవాళ్లు కొత్త ఫోన్ కొంటే కళ్లతో చూసి ఏదో ఒకటి నొక్కి నేర్చుకుంటారు. చూపు పోయినవాళ్లకు జవాబు వెతకాలన్నా ఆ స్క్రీన్ రీడరే దిక్కు, అదే ఇంకా చేతికి రాలేదు. అందుకే కొత్తవాళ్లకు మొదటి జవాబు పూర్తిగా, అక్కడికక్కడే ఇవ్వాలని నేను పట్టుబడతాను.

ఫోన్ ఎత్తడం రాదంటున్నారు కాబట్టి, మధ్యాహ్నం భోజనాలప్పుడు మనవడి ఫోన్‌కు చేసి స్పీకర్ పెట్టించా. "సార్, చూపుడు వేలు, మధ్య వేలు స్క్రీన్ మీద పెట్టి పైకి జరపండి" అన్నా. కదల్లేదు. వేళ్లు అతుక్కుని ఉంటే ఫోన్ రెంటినీ ఒక్క వేలనుకుంటుంది. "మధ్యలో కాస్త ఎడం ఉంచండి సార్" అన్నాక టుంగ్ టుంగ్ మని చప్పుడు వినిపించింది. "కదిలింది నాయనా!" అన్నారు. రెండు వేళ్లతో రెండుసార్లు తడితే కాల్ ఎత్తుతుందని, మళ్లీ అలాగే తడితే కట్ అవుతుందని చెప్పా. కొత్త టాక్‌బ్యాక్‌లోనే ఈ సదుపాయం ఉంది, అదృష్టం కొద్దీ ఆయనది కొత్త ఫోనే. ఇటు పెట్టేసి నేరుగా ఆయన నంబరుకే చేశా. చాలాసేపు మోగింది. తర్వాత "అలో" అని వినిపించింది. ఆ సంతోషంలో ఇద్దరం కాసేపు ఏవేవో మాట్లాడుకున్నాం.

సాయంత్రం మళ్లీ ఇలాంటిదే. ఇక్కడే తిరుపతిలో డిగ్రీ చదివే అమ్మాయి, "అన్నా, నా ఎన్‌వీడీఏ పాడైంది. తెలుగు నోట్స్ తెరిస్తే పిచ్చిపిచ్చి ఇంగ్లీషు అక్షరాలు చదువుతోంది" అని పెట్టింది. ఎన్‌వీడీఏ అంటే కంప్యూటర్లో వాడే స్క్రీన్ రీడర్. "పాడవలేదు, ముందు బేసిక్స్ నేర్చుకోమ్మా" అని ఒకరన్నారు. పాడవలేదన్నది నిజమే. కానీ ఆ అమ్మాయి కారణం తప్పు చెప్పినా లక్షణం ఎంత చక్కగా చెప్పింది! ఇంగ్లీషు అక్షరాలు వినిపిస్తున్నాయనగానే అది 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఫైలేమోనని నాకు అనుమానం వచ్చింది. అడిగితే అదే. ఆ పాత ఫాంట్లలో కంటికి తెలుగు కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల కోడ్లే ఉంటాయి. స్క్రీన్ రీడర్ బొమ్మను చూడదు, కోడ్‌ను చదువుతుంది. తెలుగు అక్షరాలకు సొంత కోడ్లుండే యూనికోడ్‌లోకి మార్చిన ఫైలు తీసుకోమని, మార్చాక ఒత్తులు, పొల్లులు ఎవరిచేతనైనా ఒకసారి సరిచూపించుకోమని చెప్పా.

ఎన్‌వీడీఏ మొదలైందే ఒకరికొకరు సాయపడాలన్న ఆలోచనతో. స్క్రీన్ రీడర్ కొనాలంటే వేలకు వేలు పోయాల్సిన రోజుల్లో, ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో దాన్ని మొదలుపెట్టారు. స్నేహితుడు జేమీ టే తోడయ్యారు. ఇద్దరికీ చూపు లేదు. ఎవరైనా ఉచితంగా వాడుకోమని ఇచ్చేశారు. అలా అందిన దాన్ని వాడుకుంటూ, కొత్తగా వచ్చినవాళ్లను కసురుకోవడానికి నాకు మనసొప్పదు.

రాత్రి భోజనం అయ్యాక, పొద్దున ఆ జవాబు పెట్టిన తమ్ముడికి విడిగా ఫోన్ చేశా. గ్రూపులో అందరి ముందు అంటే అతనికీ అవమానమే కదా. మంచి పనిమంతుడు, ఎందరికో ఫోన్లు సెట్ చేసి ఇచ్చాడు. "అన్నా, ఇదే ప్రశ్న రోజూ. రాత్రి పదకొండైనా ఫోన్లు ఆగవు. విసుగొచ్చేసింది" అన్నాడు. అతని బాధలో న్యాయముంది. చెప్పిందే చెప్పడం ఒళ్లు హూనం చేసే పని. కానీ పెద్దాయనకు మాత్రం అది మొదటిసారే. ఓపిక లేనిరోజు అసలు జవాబే పెట్టొద్దని, అవి నాకు పంపెయ్యమని చెప్పా. ఫోన్ మోడలేంది, వెర్షనేంది అని అన్నీ ఒక్కసారే గుచ్చి గుచ్చి అడక్కుండా, ఎక్కడ చూడాలో చెప్పి ఒక్కొక్కటే అడుగుదామనీ అనుకున్నాం.

సరే అన్నాడు. అప్పుడే ఒకటి పంపాడు కూడా. కుప్పం నుంచి ఒకామె, బ్యాంకు ఓటీపీ విని టైపు చేసేలోపే టైం అయిపోతోందట. ఆమె ఏ యాప్‌లో కొడుతోందో ముందు కనుక్కోవాలి.